ఫ్యూమిగేషన్ పత్రంలో ఒక సీలు నంబరు: ఎల్‌సీ డిస్క్రిపెన్సీతో నా అనుభవం

మా ఎల్‌సీని, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను (అడిగిన పత్రాలన్నీ సరిగా ఇస్తే సొమ్ము చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ), 2024 డిసెంబరు 18న బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో ఒక బ్యాంకు తెరిచింది. దాని కింద రావలసిన సొమ్ము లెక్క 2025 ఫిబ్రవరి 27న తేలింది. సైట్ ఎల్‌సీ (పత్రాలు చూడగానే చెల్లించేది) కాబట్టి పత్రాలు అక్కడికి చేరిన వారం పది రోజుల్లో డాలర్లు రావాలి. అలా రాకపోవడానికి కారణమైన డిస్క్రిపెన్సీ (పత్రాల్లో బ్యాంకు ఎత్తిచూపే తేడా) ఏమిటో, ఆ మధ్య ఏం జరిగిందో, ఎంత పోయిందో వరుసగా రాస్తున్నాను. కొత్తగా ఎగుమతుల్లోకి దిగిన మా ఊరి వాళ్లు కొందరు ఇదే అడుగుతున్నారు.

మాది గుంటూరు. మామగారి కాలం నుంచి యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం ఉంది. సరుకు కొనడం, కోల్డ్ స్టోరేజీ సంగతులు మా వారు చూసుకుంటారు. ఎగుమతి కాగితాలు, బ్యాంకు పని నావి. ఈ సరుకు తొడిమ తీసిన తేజ రకం ఎండు మిర్చి, 28 టన్నులు. పాతిక కిలోల గోనె సంచుల్లో 1,120 బస్తాలుగా కట్టి రెండు నలభై అడుగుల కంటైనర్లలో నింపాము. ధర చిట్టగాంగ్ వరకు ఓడ కిరాయి కలిపి టన్నుకు 2,050 డాలర్లు, మొత్తం 57,400 డాలర్లు. బీమా కొనుగోలుదారుదే. ఆయనకు చిట్టగాంగ్‌లోని ఖాతూన్‌గంజ్ హోల్‌సేల్ బజారులో దుకాణం ఉంది. మార్చి మొదట్లో రంజాను నెల మొదలవుతుంది కాబట్టి ఆ లోపల సరుకు తన గోదాములో ఉండాలని మొదటి నుంచీ తొందరపెట్టారు. ఈ తొందర చివరికి మాకే పనికొచ్చింది.

బంగ్లాదేశ్ ఎల్‌సీలు చదవడానికి ఓపిక కావాలి. 46ఏ అనే భాగంలో సమర్పించవలసిన పత్రాల జాబితా ఉంటుంది. అసలు తిరకాసంతా 47ఏ లోని అదనపు షరతుల్లో ఉంటుంది. దిగుమతిదారు లైసెన్సు నంబరు, పన్ను నంబరు, ఎల్‌సీ నంబరు అన్ని పత్రాల మీద ఉండాలి. కనీసం రెండు శాతం బస్తాల మీద దిగుమతిదారు పేరు, చిరునామా చెరగని సిరాతో ముద్రించాలి. ఓడ బయలుదేరిన అయిదు పని దినాల్లోగా కవర్ నోట్ (తాత్కాలిక బీమా పత్రం) నంబరు రాసి బీమా సంస్థకు ఈ-మెయిల్ పంపాలి. మా ఎల్‌సీలో వీటితో పాటు కొనుగోలుదారు ప్రతినిధి సంతకం చేసిన తనిఖీ పత్రం కూడా కావాలని ఒక షరతు పెట్టారు. ఆ సంతకం ఆయన పెట్టకపోతే మనం చేయగలిగింది ఏమీ ఉండదు కనుక దాన్ని తీసేయమని, దాంతో పాటు ఎల్‌సీ గడువును మరో పది రోజులు పొడిగించమని అడిగాము. సవరణ డిసెంబరు 27న వచ్చింది. తనిఖీ షరతు పోయింది గానీ గడువు మాత్రం పెరగలేదు. చివరి షిప్‌మెంట్ తేదీ జనవరి 20, ఎల్‌సీ గడువు ఫిబ్రవరి 10, పత్రాల సమర్పణ షిప్‌మెంట్ తర్వాత 21 రోజుల్లోగా అనే లెక్క అలాగే మిగిలింది. పండగ రోజులు మధ్యలో పడుతున్నా ఆ తేదీలు అప్పటికి మాకు సరిపోతాయనే అనిపించింది.

జనవరి 7న మా గోదాము దగ్గరే కంటైనర్లు నింపి, మిథైల్ బ్రోమైడ్‌తో ఫ్యూమిగేషన్ (పురుగులను చంపే వాయువు పట్టించడం) చేయించి, సీళ్లు వేయించాము. ఫ్యూమిగేషన్ చేసిన సంస్థ రెండు కంటైనర్ల నంబర్లు, వాటి సీలు నంబర్లు రాసి ధ్రువపత్రం ఇచ్చింది. 10వ తేదీన చెన్నైలో కస్టమ్స్ వాళ్లు రెండింట్లో ఒక కంటైనరును తెరిచి పరీక్షించారు. బస్తాలు కొన్ని దింపి చూసి, మళ్లీ మూసి, తమ సీలు వేశారు. ఇది మామూలుగా జరిగేదే. కస్టమ్స్ పని చూసే ఏజెంటు గారు కొత్త సీలు నంబరును షిప్పింగ్ లైనుకు ఇచ్చారు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఓడకెక్కినట్టు లైను ఇచ్చే పత్రం) ఆ కొత్త నంబరే వచ్చింది. ఓడ సంక్రాంతి దాటాక, జనవరి 17న బయలుదేరింది. ఈ రెండు పత్రాల్లో ఏదీ అబద్ధం చెప్పలేదు. 7వ తేదీన ఉన్న సీలు ఒకటి, 17వ తేదీన ఉన్న సీలు మరొకటి. తర్వాత జరిగిన గొడవకంతటికీ మూలం ఇదే.

సాఫ్టా (దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద ఇచ్చే మూలస్థాన ధ్రువపత్రం, ఫైటోశానిటరీ పత్రం (సరుకులో తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువీకరణ) చేతికి వచ్చాక మొత్తం దస్త్రాన్ని జనవరి 23న మా బ్రాంచిలో ఇచ్చాను. గుంటూరు బ్రాంచి పత్రాలను పరిశీలించదు, హైదరాబాదులోని ట్రేడ్ ఫైనాన్స్ విభాగానికి పంపుతుంది. మధ్యలో ఆదివారం, రిపబ్లిక్ డే ఒకటే రోజు వచ్చాయి. 27న ఆ విభాగం నుంచి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ప్యాకింగ్ లిస్టులో పన్ను నంబరు లేదని, ఇన్వాయిసులో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా లేదని. మిగతా పత్రాల్లో సరుకును సామాన్యమైన మాటల్లో చెప్పినా ఫరవాలేదు గానీ ఇన్వాయిసులో మాత్రం ఎల్‌సీ వర్ణనకు సరిపోవాలని యూసీపీ 600 (ఎల్‌సీలకు అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన నియమావళి) నిబంధన. రెండూ నేను తయారు చేసే పత్రాలే కాబట్టి ఆ సాయంత్రమే మార్చి ఇచ్చాను. సీలు నంబరు తేడాను అక్కడ పరిశీలించిన వాళ్లు కూడా ఎత్తి చూపలేదు. 29న బ్యాంకు బిల్లును నెగోషియేట్ చేసి (అంటే విదేశీ బ్యాంకు నుంచి రాకముందే సొమ్ము ఇచ్చి), సరుకు పంపకముందు ఇచ్చిన ప్యాకింగ్ క్రెడిట్ అప్పు తీర్చుకుని, మిగిలిన మొత్తాన్ని మా ఖాతాలో వేసింది. విదేశీ బ్యాంకు చెల్లించకపోతే వడ్డీతో సహా తిరిగి ఇస్తామని మేము ముందే రాసి ఇచ్చిన సంగతి ఆ రోజు పెద్దగా గుర్తుకు రాలేదు. ఆ డబ్బు రెండు రోజుల్లోనే యార్డు బాకీలకు, కోల్డ్ స్టోరేజీ అద్దెలకు వెళ్లిపోయింది.

కొరియర్ ఫిబ్రవరి 2, ఆదివారం చిట్టగాంగ్ బ్యాంకుకు చేరినట్టు సంతకంతో సహా చూపించింది. ఆదివారం ఎవరు సంతకం పెట్టారా అని అప్పుడే అనుమానం రావలసింది. యూసీపీ ప్రకారం పత్రాలు అందిన మర్నాటి నుంచి అయిదు బ్యాంకింగ్ రోజుల్లోగా తిరస్కరణ తెలియజేయాలి, లేకపోతే ఆ పత్రాలు సరిగా లేవని చెప్పే హక్కు ఆ బ్యాంకుకు పోతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కవేసుకుని, 7వ తేదీ రాత్రికి ఏ సందేశమూ లేకపోయేసరికి గండం గడిచిందనే అనుకున్నాము.

సోమవారం, 10వ తేదీ ఉదయం పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. "మేడమ్, ఎంటీ 734 వచ్చింది. నిన్న సాయంత్రం పంపారు. మీకు మెయిల్ చేశాను, ముందు చదవండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు అక్కడి అధికారిణి. ఎంటీ 734 అంటే తిరస్కరణ సందేశం. గడువు దాటాక పంపారు కదా, చెల్లదు కదా అని నేను వెంటనే అడిగాను. బంగ్లాదేశ్‌లో బ్యాంకులకు వారాంతపు సెలవు శుక్ర, శనివారాలని, ఆదివారం వాళ్లకు మామూలు పని దినమని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. 3, 4, 5, 6 తేదీలు నాలుగు రోజులు. 7, 8 సెలవులు. అయిదో రోజు 9. అంటే సరిగ్గా చివరి రోజున, మన బ్యాంకుకు రెండో శనివారమూ ఆదివారమూ కలిసివచ్చిన సమయం చూసి పంపినట్టుంది. కావాలని చేశారని అనలేను గానీ, ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు మరో పని తోచలేదు. అదే రోజు ఎల్‌సీ గడువు కూడా ముగుస్తోంది.

సందేశంలో మూడు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, ఫ్యూమిగేషన్ పత్రంలోని సీలు నంబరు బిల్ ఆఫ్ లేడింగ్‌లోని నంబరుతో కలవడం లేదు. రెండు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో నోటిఫై పార్టీ (సరుకు చేరినట్టు కబురు అందుకోవలసిన వారు) చిరునామాలో ఖాతూన్‌గంజ్ పేరు ఎల్‌సీలో ఉన్నట్టు లేదు, ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా. మూడు, బీమా సంస్థకు పంపిన ఈ-మెయిల్‌కు ఆ సంస్థ ఇచ్చిన రసీదు జతచేయలేదు. రెండో దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పేరును ఎల్‌సీలోనే ఒక చోట ఒకలా, మరో చోట ఇంకోలా రాశారు. మేము దరఖాస్తుదారు పేరున్న గడిలోని దాన్ని తీసుకున్నాము, వాళ్లు 46ఏ లోని దాన్ని చూపించారు. ఇక మూడోది ఎల్‌సీలో ఎక్కడా అడగనే లేదు, ఈ-మెయిల్ నకలు మాత్రమే అడిగారు.

సీలు నంబరుకు మాత్రం వెంటనే విరుగుడు ఉందనుకున్నాను. ఫ్యూమిగేషన్ సంస్థ వాళ్లు పాత సీలు, కస్టమ్స్ వేసిన కొత్త సీలు రెండూ చూపిస్తూ మధ్యాహ్నానికల్లా మరో పత్రం ఇస్తామన్నారు. అధికారిణి వద్దన్నారు. షిప్‌మెంట్ తర్వాత 21 రోజులు ఫిబ్రవరి 7తోనే ముగిశాయి. ఇప్పుడు సరిచేసిన పత్రం ఇస్తే, ఆలస్యంగా సమర్పించారనే కొత్త డిస్క్రిపెన్సీని మన చేతులతో మనమే రాసిచ్చినట్టవుతుంది. పత్రాలు జనవరి 23న కాకుండా ఇంకో మూడు రోజులు ముందు బ్యాంకుకు చేరి ఉంటే, తిరస్కరణ వచ్చాక కూడా మార్చి పంపడానికి వ్యవధి ఉండేది. ఎల్‌సీ తేదీలు చూసేటప్పుడు సరుకు పంపడానికి ఎన్ని రోజులున్నాయని అందరం చూస్తాము, ఒకసారి తిరస్కరిస్తే రెండోసారి ఇవ్వడానికి ఎన్ని రోజులుంటాయని ఎవరం చూడము.

ఇక మిగిలింది రెండు దారులు, వాదించడం లేదా కొనుగోలుదారు చేత వేవర్ (తేడాలున్నా ఫరవాలేదనే అంగీకారం) ఇప్పించుకోవడం. రెండూ ఒకేసారి మొదలుపెట్టాము. 11వ తేదీన మా బ్యాంకు సందేశం పంపింది. పత్రాల్లోని వివరాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండనక్కరలేదని, పరస్పరం విరుద్ధంగా లేకపోతే చాలని యూసీపీ 14వ అధికరణం చెబుతుంది. ఫ్యూమిగేషన్ పత్రం తేదీ బిల్ ఆఫ్ లేడింగ్ తేదీకి పది రోజుల ముందుది కాబట్టి అప్పటి సీలును అది సరిగానే చెప్పిందని, ఎల్‌సీ ఆ పత్రంలో సీలు నంబరును కోరనే లేదని, అర్థం మార్చని అక్షర దోషాలను డిస్క్రిపెన్సీగా చూడకూడదని, బీమా రసీదు ఎల్‌సీలో లేదని వరుసగా రాశారు. ఇంకో ముఖ్యమైన వాక్యాన్ని హైదరాబాదు అధికారిణి తానే చేర్చారు. ఎంటీ 734లో పత్రాలను ఏం చేస్తున్నారో చెప్పే గడి ఒకటి ఉంటుంది. మాకొచ్చిన దానిలో 'నోటిఫై' అని ఉంది. అంటే కొనుగోలుదారు వేవర్ ఇచ్చి, బ్యాంకు దానికి ఒప్పుకునే దాకా పత్రాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి. పూర్తి చెల్లింపు లేకుండా, మా అనుమతి లేకుండా పత్రాలు ఎవరికీ ఇవ్వవద్దని ఆ వాక్యం. బిల్ ఆఫ్ లేడింగ్ ఆ బ్యాంకు పేరు మీదే ఉంది కాబట్టి దాని ఎండార్స్‌మెంట్ (పత్రం వెనక సంతకం) లేనిదే కంటైనర్లు కదలవు.

13న జవాబు వచ్చింది. బీమా రసీదు అభ్యంతరాన్ని వదిలేశారు, చిరునామా ఊసే ఎత్తలేదు, సీలు నంబరు దగ్గర మాత్రం కదలలేదు. తిరస్కరించడానికి ఒక్క అభ్యంతరం నిలబడినా చాలు. దీని మీద అంతర్జాతీయ వాణిజ్య మండలి నిపుణుల అభిప్రాయం కోరవచ్చు గానీ అది వచ్చేసరికి మిర్చి రేవులో ఉంటుంది. సీలు విషయంలో మా వాదనే సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అధికారిణి మాత్రం నెగ్గే అవకాశం సగం సగం అన్నారు.

ఎల్‌సీ అంటే బ్యాంకు ఇచ్చిన మాట. తిరస్కరణ నిలబడిన క్షణం నుంచి అది మళ్లీ కొనుగోలుదారు ఇష్టంగా మారిపోతుంది, డిస్క్రిపెన్సీ అసలు ఖరీదు ఇదే. మా కొనుగోలుదారుకు ఆ సంగతి మాకంటే బాగా తెలుసు. డిసెంబరులో మేము ధర మాట్లాడుకున్నప్పటికీ ఫిబ్రవరికీ మధ్య గుంటూరు యార్డులో కొత్త పంట దిగి రేట్లు పడిపోయాయి. ఆ నెలలోనే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్య పథకాన్ని ప్రకటించవలసి వచ్చింది. యార్డులో ఉదయం వేలంపాట ముగిసేసరికి ఆ రోజు తేజ ధర ఆయన ఫోనులో ఉండేది. "భాభీ, నాకు వేవర్ ఇవ్వడానికి ఏమీ అభ్యంతరం లేదు, కానీ ఇప్పటి రేటు మీకూ తెలుసు కదా" అని హిందీలో ఎంతో మర్యాదగా అన్నారు. టన్నుకు 200 డాలర్లు తగ్గించమన్నారు. ఆ మర్యాద వినేకొద్దీ నాకు కోపం పెరిగేది. మా వారు మాత్రం, "ఆయన చోట నేనున్నా ఇదే అడుగుతాను, నువ్వు రంజాను సంగతి మాట్లాడు" అన్నారు.

సరుకును అక్కడే ఇంకొకరికి అమ్మవచ్చు కదా, వెనక్కి తెప్పించుకోవచ్చు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. బంగ్లాదేశ్‌లో దిగిన సరుకును వేరొకరి పేరుకు మార్చాలన్నా, తిరిగి పంపించాలన్నా మొదటి దిగుమతిదారు అభ్యంతరం లేదని రాసివ్వాలి. తగువు పడిన మనిషి దగ్గరే ఆ కాగితం అడగాలి. కంటైనర్లు ఫిబ్రవరి 4న చిట్టగాంగ్ రేవులో దిగాయి. రేవు ఇచ్చే ఉచిత వ్యవధి నాలుగు రోజులు. షిప్పింగ్ లైను దగ్గర ముందే అడిగి తీసుకున్న పద్నాలుగు రోజులు ఉన్నాయి గానీ, అవి కంటైనరు కిరాయికే వర్తిస్తాయి, రేవు అద్దెకు కాదు. ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు లైను వెబ్‌సైటులో రెండు కంటైనర్ల నంబర్లు కొట్టి చూసేదాన్ని. 'డిశ్చార్జ్‌డ్' అనే మాట అలాగే ఉంటే ఒక భయం, అది 'గేట్ అవుట్'గా మారితే డబ్బు లేకుండానే సరుకు వెళ్లిపోయిందని మరో భయం.

బేరం దాదాపు వారం నడిచింది. రంజానుకు రెండు వారాలే మిగిలాయని, మీ పక్క దుకాణాల వాళ్లకు సరుకు చేరిపోయిందని, రేవు అద్దె రోజురోజుకూ మీ మీదే పడుతుందని నేను చెప్పేదాన్ని. ధర పడిపోతోందని ఆయన చెప్పేవారు. తర్వాతి లోడులో సర్దుకుందాం, ఇప్పుడు కాగితాల మీద ఏమీ వద్దని ఆయన ఒక దశలో ప్రతిపాదించారు. నేను ఒప్పుకోలేదు. ఎగుమతి బిల్లు విలువలో తగ్గింపు ఏదైనా బ్యాంకు అనుమతితో, రికార్డులో జరగాలి. నోటిమాట సర్దుబాట్లు తర్వాత షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చిన ఎగుమతి పత్రం) ముగించేటప్పుడు మెడకు చుట్టుకుంటాయి. 18వ తేదీ రాత్రి టన్నుకు 60 డాలర్ల తగ్గింపు దగ్గర కుదిరింది. రేవు అద్దె, కంటైనరు డిటెన్షన్ (ఉచిత వ్యవధి దాటాక లైనుకు కట్టే కిరాయి) మొత్తం ఆయనవే. ఒప్పందాన్ని వెంటనే ఈ-మెయిల్‌లో రాయించుకున్నాను.

కుదిరాక కూడా డబ్బు కదలడానికి దాదాపు వారం పట్టింది, దీనికి నేను సిద్ధంగా లేను. కొనుగోలుదారు 19న తన బ్యాంకుకు వేవర్ లేఖ ఇచ్చారు. అయితే వేవర్‌ను అంగీకరించాలా వద్దా అన్నది ఆ బ్యాంకు స్వంత నిర్ణయం, ఖాతాలో డబ్బు చూసుకుని గానీ తేల్చదు. తగ్గించిన మొత్తానికి పత్రాలు ఇవ్వవచ్చని మా బ్యాంకు అక్కడికి సందేశం పంపాలి. దానికంటే ముందు తగ్గింపు కోరుతూ మేము కారణాలతో దరఖాస్తు పెట్టుకోవాలి. 20న అవన్నీ పూర్తయ్యాయి. 21 వాళ్లకు భాషా అమరవీరుల దినం, అదీ శుక్రవారమే, 22 శనివారం. 24న చెల్లించినట్టు సందేశం వచ్చింది, 25న మా బ్యాంకు విదేశీ ఖాతాలో డాలర్లు పడ్డాయి, 26 శివరాత్రి సెలవు, 27న బిల్లు ముగిసింది. కంటైనర్లు 25నే గేటు దాటినట్టు వెబ్‌సైటు చూపించింది.

లెక్క చెప్పాలంటే, తగ్గింపు 1,680 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు లక్షా నలభై ఆరు వేల రూపాయలు. డిస్క్రిపెన్సీ రుసుము 80 డాలర్లు, సందేశాల ఖర్చు మరో 45. ఈ రుసుము ఎంతో ఎల్‌సీలోనే రాసి ఉంటుంది, అభ్యంతరం సరైనదా కాదా అన్న వాదన తెగకపోయినా కోసేసుకుంటారు. చేతికి వచ్చింది 55,595 డాలర్లు. సైట్ బిల్లుకు మామూలు వ్యవధిగా బ్యాంకులు లెక్కించే పాతిక రోజులు ఫిబ్రవరి 23తో దాటినందువల్ల మిగతా నాలుగు రోజులకు ఎక్కువ వడ్డీ పడింది, అది ఆరు వేల లోపే. ఆ పది పదిహేను రోజులూ బ్రాంచి మేనేజరు గారు "ఖాతాలో కొంచెం నిల్వ ఉంచండమ్మా" అని ఫోను చేసినప్పుడల్లా కలిగిన ఇబ్బందికి లెక్క లేదు. బిల్లు వెనక్కి వస్తే నలభై తొమ్మిది లక్షలు ఒకేసారి కట్టవలసి వచ్చేది.

షిప్పింగ్ బిల్లును తగ్గిన విలువతో బ్యాంకు వ్యవస్థలో ముగించడానికి కొనుగోలుదారు ఈ-మెయిల్, ఎంటీ 734 నకలు, మా దరఖాస్తు జతచేయాలని అడిగారు. మార్చి రెండో వారంలో అదీ అయిపోయింది.

ఏప్రిల్‌లో అదే కొనుగోలుదారు మరో రెండు కంటైనర్లు అడిగారు. ఎల్‌సీ తెరవకముందే ముసాయిదా పంపమన్నాను. దానిలో మూడు మార్పులు కోరాను. గడువు చివరి షిప్‌మెంట్ తేదీ తర్వాత నలభై అయిదు రోజులు ఉండాలి, పత్రాల సమర్పణకు 30 రోజులు ఇవ్వాలి, ఫ్యూమిగేషన్ పత్రంలో కంటైనరు నంబరు మాత్రమే ఉంటే చాలని స్పష్టంగా రాయాలి. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదాన్ని వాళ్ల బ్యాంకు ఒప్పుకోలేదు. అందువల్ల ఫ్యూమిగేషన్ సంస్థ చేతే సీలు నంబరు గడిని ఖాళీగా వదిలేయిస్తున్నాము. కస్టమ్స్ పరీక్ష జరిగితే ఆ కాగితం నకలును దస్త్రంతో పాటు హైదరాబాదుకు ముందే పంపుతున్నాను.